మూడుసార్లు సున్నా

మే 20, సోమవారం

ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ డైరీ. ఆఫీసు బీరువాలో పడున్న పాత నోటుబుక్కు తెచ్చుకుని, వాడేసిన మొదటి పేజీలు చింపేసి మొదలుపెట్టాను. నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు.

గురువారం ఉదయం ఊరి ఉత్తరం వైపు నాలుగు గంటలు కరెంటు పోయింది. ఇళ్లలో ఆక్సిజన్ మిషన్ మీద బతికేవాళ్లంతా ఒక్కసారిగా సిలిండర్లకు మారారు. ఇళ్లకు ఆ సిలిండర్లు చేరవెయ్యడమే మా సంస్థ పని. అందరూ ఒకేసారి ఫోన్లు చెయ్యడంతో లైన్లన్నీ బిజీ. ఫోను దొరకనివాళ్లు మా వెబ్‌సైటులో ఫారం నింపారు. నాలుగు గడులు: ఇంటి నంబరు, ఫోను నంబరు, సిలిండరు ఇంకా ఎన్ని గంటలు వస్తుంది, ఇతర వివరాలు. తక్కువ గంటలున్న ఇల్లు జాబితాలో పైకొస్తుంది, అక్కడికే ముందు బండి వెళ్తుంది. ఫారం రాసింది నేనే. దాని వెనక పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో ఉన్న ప్రోగ్రామూ నాదే.

ఆ ఉదయం నూట పన్నెండు ఇళ్లకు సిలిండరు కావాల్సొచ్చింది. నూట పదకొండు ఇళ్లకు వెళ్లింది.

మిగిలిన ఇల్లు మూడో అంతస్తు. ఒక పెద్దాయన, ఆయన కూతురు. కూతురూ పక్కింటివాళ్లూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీంచి దించుతుంటే సగం దారిలోనే ప్రాణం పోయిందట.

శుక్రవారం మేనేజరు అడిగాడు. "ఫారంలో ఏమైనా తేడా ఉందా?"

"లేదండీ. పని చేస్తూనే ఉంది. కావాలంటే ఇప్పుడే నింపి చూపిస్తాను."

ఆయన ముందే నింపి చూపించాను. పని చేసింది.

మే 21, మంగళవారం

ఇవాళ కూడా నింపి చూశాను. పని చేస్తూనే ఉంది.

మే 23, గురువారం

వారం అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరితోనూ కూర్చోలేక ఆఫీసు వెనక మెట్ల మీదికొచ్చి రాస్తున్నాను. బండ్లు నడిపేవాళ్లు కింద టీ తాగుతూ ఆ ఇంటి గురించే మాట్లాడుకుంటున్నారు. పదీ యాభైకి ఒకతను ఆ పక్క వీధిలోనే ఉన్నాడట, ఇంకా ఆరు గంటలకు సరిపడా ఉన్న ఇంట్లో సిలిండరు దించుతూ. "జాబితాలో లేదురా. ఉంటే రెండు నిమిషాల పని," అంటున్నాడు. అదే మాట నాలుగుసార్లు అన్నాడు.

ఇంట్లో ఒక కొత్త సంగతి. మామగారికి పీహెచ్‌పీ నేర్పాలి.

మామగారు బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్లు టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఆయనా, రిటైరైన డ్రైవర్లు ముగ్గురూ కలిసి ఒక పాత వ్యాను నడుపుతున్నారు. మోకాళ్ల ఆపరేషన్లయినవాళ్లనీ, కళ్లు సరిగా కనపడనివాళ్లనీ ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తారు. ఏ ట్రిప్పులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో డ్రైవర్లు ఫోను చేసి చెప్తే మామగారు రాసుకుని, అడిగినవాళ్లకు చెప్తారు. చిక్కేమిటంటే ఈమధ్య ఆయనకు ఫోనులో సరిగా వినపడటం లేదు.

"వాడు మూడు అంటే నాకు ఆరులా వినపడింది అల్లుడుగారూ. ముగ్గురు ఆడవాళ్లు ఎండలో నిలబడిపోయారు. వాళ్లే కంప్యూటర్లో కొట్టేస్తే నేను చూసుకుంటాను కదా. మీ ఆఫీసులో మీరు రాసేది అలాంటిదేనటగా, మా అమ్మాయి చెప్పింది."

నేనే రాసిపెడతానన్నాను. వద్దన్నారు. "నేర్చుకుంటాను. పొద్దస్తమానం టీవీ చూసి చూసి బుర్ర తుప్పు పట్టిపోతోంది."

మా ఆవిడ నా వైపు చూస్తోంది. కాదనలేకపోయాను.

మే 25, శనివారం

మొదటి పాఠం. మామగారు గీతల పుస్తకం, ఎర్ర పెన్ను, నీలం పెన్ను పట్టుకుని స్కూలు పిల్లాడిలా కూర్చున్నారు. కీబోర్డు మీద ఒకే వేలు. ఆ వేలు గాల్లో గద్దలా తిరిగి తిరిగి అక్షరం కనపడగానే వాలుతుంది.

"ఫారంలో ప్రతి గడికీ ఒక పేరు పెడతాం మామగారూ. పంపు అని నొక్కగానే రాసినవన్నీ ఆ పేర్లతోనే అవతలికి వెళ్తాయి. ప్రోగ్రాములో పోస్ట్ అని ఒక పెట్టె ఉంటుంది. ఆ పేరుతో అందులోంచి తీసుకోవాలి."

"అంటే బస్సుకి బోర్డులాగా."

"అంతే."

"మరి నా సీట్లు రావట్లేదే?"

చూశాను. ఫారంలో గడి పేరు పెద్ద అక్షరంతో మొదలైంది, ప్రోగ్రాములో చిన్న అక్షరంతో. సరిచెయ్యగానే 4 అని కనపడింది. మామగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు. వంటగదిలో ఉన్న కూతుర్ని పిలిచి చూపించారు.

"నాలుగు," అంది మా ఆవిడ.

"నాలుగు కాదే, అది అటు నుంచి ఇటు వచ్చిన నాలుగు!"

ముగ్గురం నవ్వాం. పది రోజుల్లో నేను నవ్వడం ఇదే మొదలు.

మే 27, సోమవారం

పెద్దాయన కూతురు ఫిర్యాదు పెట్టిందట. సాంకేతిక నివేదిక రాయమన్నాడు మేనేజరు. అర పేజీ. "ఫారంలో తప్పనిసరిగా నింపాల్సిన ఒక గడి నిండనందున అభ్యర్థన నమోదు కాలేదు. ఆ సంగతి తెరపై ఎర్ర అక్షరాలతో తెలియజేయబడింది."

చదివి, "బాగుంది. క్లుప్తంగా ఉంది," అన్నాడు. కింద సంతకం పెట్టాను. పెన్ను రాయకపోతే ఇంకోటి అడిగి మరీ తీసుకుని పెట్టాను.

మే 29, బుధవారం

ఆమె వచ్చింది.

ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో పని. సెలవు దొరకలేదేమో, దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టుంది. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె వాత ఒకటి. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "అమ్మా, కంప్యూటరు సంగతి చూసేది ఈయనే. ఏదున్నా అడగండి," అని తను ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

"గొడవ పెట్టుకోడానికి రాలేదు సార్," అంది ఆమె. "నేను ఏ గడి వదిలేశానో చెప్పండి చాలు. ఆ రోజు ఏం కొట్టానో ఇప్పుడు నాకు గుర్తులేదు. అన్నీ నింపాననే అనుకున్నా. ఒకసారి కాదు, చాలాసార్లు నింపా. ఏదో గడి నింపలేదని ఎర్రగా వచ్చింది. మళ్లీ నింపా, మళ్లీ వచ్చింది. ఒకపక్క నాన్నకి ఊపిరందట్లేదు, ఇంకోపక్క ఇది."

నేను ఆమె ముంజేతి మీది వాత వైపే చూస్తున్నాను.

"మా అన్నయ్య వేరే ఊళ్లో ఉంటాడు. ఫోన్లో అడిగాడు, ఒక్క కాగితం నింపడం చేతకాలేదా నీకు, పక్కనే ఉండి చంపేశావు కదే అని. పది రోజులైంది, ఫోను ఎత్తట్లేదు. నాకు తెలియాలి సార్. ఏ గడి?"

మేనేజరు తలెత్తి నా వైపు చూశాడు.

"గంటల గడి," అన్నాను. "ఎన్ని గంటలు వస్తుంది అన్నచోట ఖాళీగా ఉందండీ."

ఆమె మెల్లగా తలాడించింది. "అయ్యుంటుంది," అంది. "కంగారులో కొట్టాననుకుని ఉంటా. అయ్యుంటుంది సార్." లేచి, నాకు దణ్ణం పెట్టింది.

నాకు దణ్ణం పెట్టింది.

మే 30, గురువారం

నిజానికి ప్రోగ్రాము లెక్కలో ఆ గడి ఖాళీయే. ఆ లెక్కన నేను చెప్పింది అబద్ధం కాదు.

జూన్ 1, శనివారం

రెండో పాఠం. ఏమీ రాయకుండా పంపు నొక్కితే ఏం చెయ్యాలి అని మామగారు అడిగారు. మంచి ప్రశ్న. మొదటిసారి నేర్చుకునేవాళ్లు సాధారణంగా అడగరు.

"ఖాళీగా ఉందేమో ముందు చూసుకోవాలి. ఎంప్టీ అని ఒక మాట ఉంది. గడి పేరు దానికిస్తే ఖాళీయో కాదో చెప్తుంది. ఖాళీ అయితే వెనక్కి పంపించి 'సీట్లు రాయలేదు' అనండి."

ఇంకో పద్ధతి ఉంది. అది చెప్తే, తేలిగ్గా ఉన్న ఈ పద్ధతి ఎందుకు వద్దో కూడా చెప్పాలి. మామగారు ఊరుకునే మనిషి కాదు, ఎందుకు అని అడుగుతారు. అందుకని చెప్పలేదు. ఆయన ఎర్ర పెన్నుతో ఎంప్టీ అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నారు.

నా ఉద్దేశం, వ్యానుకి ఇది చాలు.

జూన్ 4, మంగళవారం

ఇంకా పదకొండు రోజులు.

జూన్ 5, బుధవారం

పదకొండు రోజులేమిటో రాయలేదు నిన్న. నా డైరీలో నేనే దాచుకుంటున్నాను.

మా ప్రోగ్రాముకి నేను చేసిన అలవాటు ఒకటుంది. వచ్చిన ఫారాన్ని ముందు ఉన్నదున్నట్టు ఒక ఫైల్లో రాసుకుంటుంది, ఆ తర్వాతే అందులో తప్పొప్పులు చూస్తుంది. వెనక్కి పంపేసినవి కూడా ఆ ఫైల్లో ఉంటాయి. ముప్ఫై రోజులు దాటిన ఫైళ్లు వాటంతటవే చెరిగిపోతాయి. మే పదహారు ఫైలు జూన్ పదిహేనున పోతుంది. ఆ ఫైలుందని మేనేజరుకి తెలియదు. దాన్ని నేను చెరపక్కర్లేదు, దాచక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

పదిహేను దాటితే మామూలుగా అన్నం సహిస్తుందనిపిస్తోంది.

జూన్ 6, గురువారం

మా ఆవిడ అడిగింది. "ఏమైంది మీకు? అద్దం ముందు గడ్డం సగం గీసుకుని వదిలేశారు."

పని ఒత్తిడి అన్నాను.

"పని ఒత్తిడైతే కోపంగా ఉంటారు. ఇది కోపం కాదు. మీరు నన్ను చూసి భయపడుతున్నారు."

జూన్ 8, శనివారం

మామగారి ఫారం మంగళవారం నుంచి నడుస్తోంది. డ్రైవర్లకు నచ్చింది. ఇవాళ పొద్దున్న నేను బూట్లు తుడుచుకుంటుంటే ఆయన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పిలిచారు. గొంతులో చిరాకు.

"అల్లుడుగారూ, ఇది ఒకసారి చూడండి. నిన్న మావాడు బండి నిండిపోయిందని సీట్లు సున్నా కొట్టాడట. 'సీట్లు రాయలేదు' అని తిట్టిందట. మళ్లీ సున్నా కొట్టాడు, మళ్లీ తిట్టింది. మూడోసారి విసుగొచ్చి ఒకటి కొట్టాడు, తీసుకుంది. ఇక్కడ నేను ఒక సీటుందనుకుని మోకాలి ఆపరేషనైన ఆవిడకి రమ్మని చెప్పా. ఆవిడ గేటు దగ్గర గంటన్నర నిలబడి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది."

బూటు పక్కన పెట్టాను.

"నేనూ కొట్టి చూశా. ఇదిగో." ఆ ఒక్క వేలితో 0 కొట్టి పంపు నొక్కారు. ఎర్రగా వచ్చింది, సీట్లు రాయలేదని. "రాశా కదా! సున్నా రాశా. ఇది కళ్లెదురుగా రాసినదాన్ని రాయలేదంటుందేంటండీ?"

"ఎంప్టీ..." అన్నాను. "సున్నా ఒక్కటే వస్తే ఎంప్టీ దాన్ని కూడా ఖాళీ కిందే లెక్కేస్తుంది మామగారూ."

"అదెలా కుదురుతుంది?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మా డిపోలో ఈ రెండిటికీ ఎంత తేడా ఉండేదో తెలుసా? కండక్టరు షీటులో గడి ఖాళీగా వదిలితే వాడు చూసుకోలేదని అర్థం, పిలిచి మెమో ఇచ్చేవాణ్ణి. సున్నా వేస్తే వాడు బండంతా తిరిగి చూసొచ్చి, ఎవరూ లేరని సంతకం పెట్టి చెప్పినట్టు. అది మనిషి చెప్పిన మాట! దాన్ని ఖాళీ అంటే వాణ్ణి దొంగని చేసినట్టు కాదూ?"

నేను లేచి స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుని కుళాయి తిప్పాను. నీళ్ల చప్పుడులో ఏడుపు వినపడదనుకున్నాను. తలుపవతల మా ఆవిడ నిలబడి ఉందని కింది సందులోంచి నీడ కనపడుతూనే ఉంది.

జూన్ 9, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను. ఇప్పటిదాకా రాసింది అది కాదు.

మే పదహారు మధ్యాహ్నం పెద్దాయన సంగతి తెలియగానే ఆ ఫైలు తెరిచాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, ఏం జరిగిందో అర్థమవడానికి. గంటల గడి ఖాళీయేమో చూసే లైనులో నేను ఎంప్టీ వాడాను. సున్నాని అది ఖాళీ అనుకుంటుందని నాకు పన్నెండేళ్లుగా తెలుసు, కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్తుంటాను. ఈ ఫారం రాసిన రోజు మాత్రం తొందరలో వేలు దానంతటదే కొట్టేసింది. సిలిండరు పూర్తిగా అయిపోయేదాకా ఎవరూ ఆగరు కాబట్టి సున్నా ఎవరు కొడతారులే అనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో ఇప్పుడు చెప్పలేను. జాబితాలో అందరికన్నా పైన ఉండాల్సిన మనిషిని నా లైను గుమ్మంలోంచే వెళ్లగొట్టింది.

ఆ సాయంత్రం ఆ లైను మార్చేశాను. "చిన్న సవరణ" అని మార్పుల చిట్టాలో రాసి పెట్టాను. మర్నాడు మేనేజరు ముందు నేను నింపి చూపించింది మార్చిన తర్వాతి ఫారం.

ఇవాళ ఆఫీసుకి వెళ్లాను. కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ఫైలు మళ్లీ తెరిచాను. ఆ ఇంటి నంబరు మీద మూడు వరుసలు.

10:42. గంటలు: 0.

10:46. గంటలు: 0.

10:53. గంటలు: 0. ఇతర వివరాలు అన్న గడిలో, "సున్నా అండి అయిపోయింది మొత్తం సున్నా నే కొడుతున్నా తీసుకోట్లేదు నాన్నకి పెదాలు నీలంగా అవుతున్నాయి దయచేసి".

అది నేను మే పదహారునే చదివాను. చదివి, లైను మార్చి, నివేదిక రాసి, ఆమె వచ్చి అడిగితే గడి ఖాళీగా ఉందన్నాను.

ఇంకొకటి. మిగతా ఫైళ్లు కూడా వెతికాను, ఇంకెవరైనా సున్నా కొట్టారేమోనని. ఈ ముప్ఫై రోజుల్లో ఆమె ఒక్కతే. ఆ ఫారం పెట్టి రెండేళ్లయింది. అంతకుముందు ఎవరైనా కొట్టారో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. చెరిగిపోయాయి.

ఆ పేజీ ప్రింటు తీశాను. ఫైలు వేరేచోట కాపీ పెట్టాను. ఇక పదిహేనో తారీఖు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

జూన్ 10, సోమవారం

పొద్దున్న ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. మా ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక, "ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లిందా?" అని మాత్రం అడిగి ముఖం పక్కకి తిప్పుకుంది.

మామగారు తన గీతల పుస్తకం మూసి పక్కన పెట్టారు. నన్ను తిడతారనుకున్నాను. ఓదారుస్తారేమోనని ఒక మూల ఆశ కూడా ఉంది. రెండూ చెయ్యలేదు.

"నాకు నేర్పేటప్పుడు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు మామగారూ."

"తెలిసే నేర్పారా నాకు అదే?"

"అవును."

లేచి తన గదిలోకి వెళ్లిపోయారు. సాయంత్రం నేను వచ్చేసరికి నా గది బల్ల మీద చీటీ ఉంది. ఎర్ర పెన్ను. "ముందు ఆ పిల్లకి చెప్పిరండి. తర్వాతే మనకి పాఠం."

జూన్ 11, మంగళవారం

మేనేజరుకి చెప్పాను. ప్రింటు తీసిన కాగితం ముందు పెట్టాను. రెండుసార్లు చదివి, వెళ్లి గది తలుపేసి వచ్చాడు.

"ఇది ఇంకెవరు చూశారు?"

"మా ఇంట్లోవాళ్లకి చెప్పాను. రేపో ఎల్లుండో ఆమెకి చూపిస్తాను."

"మీకు మతి పోయిందా? ఇరవై రెండుమంది ఇళ్లు నడుస్తున్నాయండీ దీని మీద. మూడొందల ఇళ్లకి మనమే సిలిండర్లిస్తున్నాం. మన లైసెన్సు పోతే వాళ్లకెవరిస్తారు? మీ మనసు తేలిక చేసుకోడానికి వాళ్ల ముక్కులు మూస్తారా?"

ఆయన చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. అదే నన్ను తినేస్తోంది. చెప్పకపోతే ఒక మనిషి జీవితాంతం తనే తండ్రిని చంపానని బతుకుతుంది. చెప్తే ఏమవుతుందో తెలియదు.

"ఆ లైను రాసింది నేనండీ. నివేదిక రాసిందీ నేనే. నా సంతకంతోనే అంతా రాసిస్తాను. ఒకటి మీకు, ఒకటి ఆమెకి."

"అయితే రాజీనామా కూడా రాసిచ్చి వెళ్లండి," అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆ అమ్మాయి అడిగినప్పుడు నేను మీ వైపు చూశాను. ఎందుకు చూశానో మీకు తెలుసు. అది మాత్రం రాయకండి," అన్నాడు.

ఇంతకాలం ఆయనకేమీ తెలియదనే అనుకున్నాను.

జూన్ 12, బుధవారం

రాజీనామా ఇచ్చేశాను. కింద బండ్ల దగ్గర, పక్క వీధిలో ఉన్నాడన్న ఆ డ్రైవరు కనపడ్డాడు. అతనికీ చెప్పాను. ఇల్లు జాబితాలో ఎందుకు లేదో.

కొడతాడేమో అనుకున్నాను. చేతిలో ఉన్న బండి తాళాలు కింద పడేసి, తీసుకోకుండా వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

జూన్ 13, గురువారం

వెళ్లాను. వీధి మొదట్లోంచే తిరిగి వచ్చేశాను. ఇంటికొచ్చి తాళం వేసుందని చెప్పాను. మా ఆవిడ నమ్మలేదు.

జూన్ 14, శుక్రవారం

వెళ్లాను. ఈసారి మెట్లెక్కాను.

తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. "సార్, మీరా?" అని కంగారుగా కుర్చీ మీది మడతపెట్టిన బట్టలు తీసి కూర్చోమంది. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన గోడవారగా ఆక్సిజన్ మిషను ఇంకా అలాగే ఉంది, పైన తువ్వాలు కప్పి. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాటలు రావని తెలుసు. కాగితం చేతికిచ్చాను.

ఆమె కాగితాన్ని కిటికీ వెలుతురు వైపు పట్టుకుని ఒక్కో వరుసా వేలితో తడుముతూ చదివింది. చివరి వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది నేను కొట్టిందే."

"అవునండీ."

"మూడుసార్లూ వచ్చిందా మీకు?"

"మూడుసార్లూ వచ్చింది. మీరు ఏ గడీ వదల్లేదు. సున్నా అని సరిగ్గా కొట్టారు. సున్నా కొడితే ఖాళీ అనుకునేలా ప్రోగ్రాము రాసింది నేను. తప్పు నాది. అది ఆ రోజు మధ్యాహ్నమే నాకు తెలుసు. తెలిసే ఆఫీసులో మీతో అబద్ధం చెప్పాను."

మాటలన్నీ దారిలో కూడబలుక్కున్నవే.

"ఎందుకలా చెప్పారు?"

"భయమేసిందండీ."

"నాకెయ్యలేదా భయం?" అంది.

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కాగితం వైపే చూస్తూ, "నెల రోజుల నుంచి రోజూ ఫోను తీసి ఆ ఫారం తెరిచి చూసుకుంటున్నా. ఎలా వదిలేశానా అని. ఎలా వదిలేశానా అని," అంది.

నేను సంతకం పెట్టి తెచ్చిన రెండు పేజీలు బల్ల మీద పెట్టాను. ఏ ఆఫీసులో ఇవ్వాలన్నా ఇవ్వండి, ఎక్కడికి పిలిచినా వచ్చి చెప్తాను అన్నాను. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"మీ ఫోనివ్వండి. నా నంబరైతే అన్నయ్య ఎత్తడు."

ఇచ్చాను. చూడకుండా నంబరు కొట్టింది. అవతల మోగుతోంది. ఎత్తగానే ఫోను నా చేతిలో పెట్టింది. "మీరే చెప్పండి. నాకు చెప్పినట్టే. ఒక్క ముక్క తగ్గించకుండా."

నేనెవరో చెప్పాను. పది నలభై రెండు, పది నలభై ఆరు, పది యాభై మూడు అని చెప్పాను. మూడో వరుసలో ఆమె రాసింది కూడా చదివాను. ఆమె గోడకి ఆనుకుని వింటోంది. "మీ చెల్లెలు సరిగ్గానే నింపారండీ. మూడుసార్లూ సరిగ్గానే నింపారు. సిలిండరు రాకపోవడం నా వల్ల," అన్నాను.

ఫోను కట్ అయిందేమోనని చూశాను. కాలేదు. అవతల నుంచి బొంగురుగా, "అది అక్కడుందా?" అన్నాడు.

"ఉన్నారండీ."

"దానికివ్వండి ఫోను."

ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది. "అన్నయ్యా" అనబోయింది, అందులో సగమే బయటికొచ్చింది. నేను బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసి మెట్టు మీద కూర్చున్నాను.

లోపల ముందు ఏడుపు వినపడింది. తర్వాత ఆమె మాట్లాడటం వినపడింది, ఆగకుండా, ఆ రోజు సంగతులన్నీ. ఎవరికీ చెప్పుకోలేకపోయినవనుకుంటాను. కరెంటు ఎప్పుడు పోయింది, నాన్న ఏమన్నాడు, పక్కింటాయన కుర్చీ ఎటు పట్టుకున్నాడు. ముప్పావుగంట కూర్చున్నాను.

తలుపు తీసి ఫోను చేతికిచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"రేపు అన్నయ్య వస్తున్నాడు. వదిన్నీ తీసుకొస్తానన్నాడు," అంది. ఆ మాట నాకు చెప్పినట్టు లేదు. తర్వాత నన్ను చూసి, "ఈ కాగితాలు నా దగ్గరుంటాయి. ఏం చెయ్యాలో వాడొచ్చాక చూసుకుంటాం. మీరు ఇంక వెళ్లండి," అంది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

"వెళ్తానండీ," అన్నాను. వెళ్లొస్తానని అనడానికి నోరు రాలేదు.